రఘునాథ్ ధోండో కర్వే

స్త్రీ విద్య కోసం పాటుపడిన ధోండో కేశవ కర్వే పేరు మీరు వినే ఉంటారు. 1916లో పుణెలో స్త్రీల కోసం విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవారు ఆయనే. మనం ఇప్పుడు తెలుసుకోబోయేది ఆయన పెద్ద కుమారుడు రఘునాథ్ గురించి. తండ్రి ఆడపిల్లలను కళాశాల గడప ఎక్కించారు. కాని గర్భం ఎలా వస్తుంది, వద్దనుకుంటే ఎలా ఆపుకోవాలి అన్న సంగతులు చదువుకున్న అమ్మాయిలకు కూడా ఎవరూ చెప్పేవారు కారు. ఆ మాట బహిరంగంగా చెప్పినందుకు కుమారుడు ఏం పోగొట్టుకున్నారో చూడండి.

రఘునాథ్ 1882 జనవరి 14న జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి రాధాబాయిని కోల్పోయారు. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివారు. గణితం ఆయన అభిమాన విషయం. ఫ్రాన్సులో పై చదువులు చదివి వచ్చి, బొంబాయిలోని విల్సన్ కళాశాలలో గణితం బోధించారు.

1921లో ఆయన బొంబాయిలో సంతాన నియంత్రణ కేంద్రం ప్రారంభించారు. మన దేశంలో ఇటువంటి కేంద్రాలలో ఇదే మొదటిదని చెబుతారు. లండన్‌లో మేరీ స్టోప్స్ తన కేంద్రం తెరిచిందీ అదే సంవత్సరం. అప్పటికి గర్భనిరోధక మాత్రలు లేవు, అవి 1960లో గాని అమెరికాలో ఆమోదం పొందలేదు. పురుషులకు రబ్బరు తొడుగులు, స్త్రీలకు గర్భాశయ ముఖాన్ని కప్పే రబ్బరు మూతలు వంటివే ఉండేవి. తొడుగు సుఖవ్యాధులను కూడా అడ్డుకుంటుంది. ఈ సంగతీ ఆయన దాచకుండా చెప్పారు.

విల్సన్ క్రైస్తవ మిషనరీలు నడిపే కళాశాల. ఈ ప్రచారం యాజమాన్యానికి నచ్చలేదు. 1925లో ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడానికి భార్య మాలతి సంపాదన ఆసరా అయింది. పిల్లలు వద్దనుకున్న ఆ దంపతులలో శస్త్రచికిత్స చేయించుకున్నది భర్తే. ఇది చిన్న సంగతి అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 38 శాతం మంది తామే ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త ఆపరేషన్ మీద ఆధారపడినవారు 0.3 శాతం మాత్రమే!

1927 జూలైలో ఆయన 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ మాసపత్రిక మొదలుపెట్టారు. ఇంట్లో అడగలేని ప్రశ్నలను పాఠకులు ఉత్తరాలలో అడిగేవారు, ఆయన సూటిగా జవాబిచ్చేవారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అటువంటి ప్రశ్న ఒకటి మీకు కలిగితే, ఈనాడైనా ఎవరిని అడుగుతారు? ఆ రాతలు అశ్లీలమని 1931లో ఒకసారి, 1934లో మరొకసారి కేసులు నడిచాయి. రెండోసారి ఆయన పక్షాన వాదించినవారు డాక్టర్ అంబేద్కర్. శరీరాన్ని గురించిన జ్ఞానం అశ్లీలం కాదన్నది వారి వాదం. న్యాయస్థానం ఒప్పుకోలేదు. రెండుసార్లూ జరిమానా పడింది.

గాంధీజీ కూడా కృత్రిమ పద్ధతులను వ్యతిరేకించారు. నిగ్రహమే మార్గమని ఆయన నమ్మారు. కర్వే ఆయననూ విమర్శించకుండా వదలలేదు. ఆ పదునైన మాటల వల్లనే చాలామంది ఆయనకు దూరమయ్యారేమో.

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. మరుసటి ఏడాది అక్టోబరు 14న రఘునాథ్ మరణించారు. ఇరవై ఆరేళ్లు నడిచిన పత్రిక నవంబరు సంచికతో ఆగిపోయింది. ఆయన తండ్రి అప్పటికి ఇంకా జీవించే ఉన్నారు. 1958లో ఆ తండ్రికి భారతరత్న లభించింది.