బొటనవేలితో నారి లాగిన ఇషీ

విల్లు, బొటనవేలు అనగానే మనకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. ఈ సంచికలో మీకు ఇంకో విలుకాడిని పరిచయం చేస్తున్నాం. ఆయన ఏ పురాణంలోని వాడూ కాదు, అమెరికాలోని కాలిఫోర్నియా అడవి బిడ్డ. పేరు ఇషీ.

మా హాస్టల్ నుంచి విలువిద్య శిక్షణకు వెళ్లే పిల్లలు సెలవులకు ఇంటికెళ్లి వచ్చాక మమ్మల్ని ఒక మాట అడుగుతుంటారు. కోచ్ గారు మూడు వేళ్లతో నారి పట్టి దవడ కిందికి లాగమంటారు, ఇంటి దగ్గర తాత వేరేగా లాగుతాడు, మరి తాతది తప్పా అని. ఇషీ జీవితంలో దానికి జవాబు ఉంది.

ఇషీది యాహీ తెగ. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక వలస వచ్చినవాళ్లు యాహీల నేలను ఆక్రమించారు. 1860లలో వరుసగా దాడులు చేసి ఆ తెగను దాదాపు తుడిచిపెట్టారు. మిగిలిన కొద్దిమంది డీర్ క్రీక్ లోయలో నలభై ఏళ్లపాటు ఎవరి కంటా పడకుండా బతికారు. తుపాకి పేలిస్తే జాడ తెలిసిపోతుంది. విల్లుకు ఆ చప్పుడు లేదు.

1908లో ఒక సర్వే బృందం వాళ్ల గుడిసెల దాకా వచ్చింది. జబ్బుతో కదల్లేని తల్లిని మాత్రం వదిలేసి, ఉన్న సామానంతా ఎత్తుకుపోయారు. కొద్ది రోజులకే తల్లి పోయింది. ఒంటరిగా మిగిలిన ఇషీ 1911 ఆగస్టు 29న ఓరోవిల్ పట్టణం దగ్గర ఒక కబేళా వద్ద ఆకలితో దొరికారు. అప్పటికి ఆయన వయసు సుమారు 50.

మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ ఆయనకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో చోటు చూపించారు. తన పేరు తాను చెప్పుకోకూడదన్నది యాహీల కట్టుబాటు. ఇషీ దాన్ని చివరిదాకా తప్పలేదు. అందుకే ఆయన భాషలో మనిషి అనే అర్థమున్న ఇషీ అన్న మాటనే పేరుగా పిలిచారు.

మ్యూజియం పక్కనే వైద్య కళాశాల ఉండేది. అక్కడి డాక్టర్ శాక్స్‌టన్ పోప్ 1912లో ఇషీ దగ్గర విలువిద్య నేర్చుకోవడం మొదలుపెట్టారు. చదువుకున్న డాక్టరు అడవి మనిషికి శిష్యుడయ్యాడు.

ఇషీ విల్లు పొట్టిది, సుమారు మూడున్నర అడుగులు. వీపున జింక నరాలు అతికించి ఉండేది. ఆయన నారిని కుడి బొటనవేలితో కొక్కెంలా పట్టి, జారకుండా దాని మీద మధ్యవేలు వేసేవారు. చూపుడువేలు బాణాన్ని కదలకుండా ఆనుకుని ఉండేది. విల్లును ఏటవాలుగా పట్టి, గొంతుక్కూర్చుని, నారిని ఛాతీ వైపు లాగేవారు. పొదల మాటున ఒదిగి, దగ్గర నుంచి జంతువును కొట్టే వేటకు అది సరిగ్గా సరిపోయిన పద్ధతి. దూరపు గురిలో శిష్యుడే నెగ్గేవాడు, దగ్గరి వేటలో గురువుదే పైచేయి.

1916 మార్చి 25న క్షయతో ఇషీ కన్నుమూశారు. శరీరాన్ని కోయవద్దని క్రోబర్ ఉత్తరం రాసినా వైద్యులు కోశారు, మెదడు తీసి ఉంచారు. మిగిలిన దేహాన్ని విల్లు, ఐదు బాణాలతో సహా దహనం చేశారు. మెదడు స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. ఏకలవ్యుడి దగ్గర బొటనవేలు తీసుకున్న కథ మనకు తెలుసు. ఇషీ దగ్గర తీసుకున్నది 2000లో గానీ ఆయన బంధు తెగల చేతికి తిరిగి రాలేదు.

పోప్ 1918లో యాహీల విలువిద్యపై పుస్తకం రాశారు. ఇషీ వేళ్లు ఎలా పట్టేవో ఈరోజు మనం చెప్పగలుగుతున్నామంటే అందుకే. కానీ నేర్చుకోవడానికి యాహీ పిల్లవాడు ఒక్కడూ మిగల్లేదు.

కాబట్టి పిల్లలూ, తాతది తప్పు కాదు. 70 మీటర్ల గురికి కోచ్ గారి పద్ధతి కావాలి: మోచేయి బాణానికి వరుసలో ఉండాలి, చేయి ప్రతిసారీ దవడ కింద ఒకే చోట ఆగాలి. పోటీకి అదే శ్రద్ధగా సాధన చేయండి. అయితే ఈ సెలవుల్లో తాత పక్కన కూర్చుని ఆయన ఏ వేలితో లాగుతాడో, చేయి ఎక్కడ ఆపుతాడో, ఎందుకలా లాగుతాడో అడిగి మీరూ లాగి చూడండి. నోటు పుస్తకంలో బొమ్మ గీసుకోండి. ఇషీకి దక్కని శిష్యులు మన తాతలకు ఇంట్లోనే ఉన్నారు.