భీమవరం బిడ్డ.. జన్యువుల ఇంధనం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివినా మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకున్నారు. అంతకుమించిన దెబ్బ, సోదరుణ్ని స్ప్రూ అనే పేగుజబ్బు బలి తీసుకోవడం. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బది.

1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఫిస్కేతో కలిసి 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. అప్పట్లో దాన్ని కండరం కదలికకు సంబంధించిన పదార్థంగానే చూశారు. జన్యువులకూ అదే ఇంధనమని చాలాకాలం తర్వాత తెలిసింది.

మన కణాల్లో దాదాపు ప్రతిదానిలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఈ చుట్టలే క్రొమాటిన్. చుట్ట బిగుసుకుంటే అక్కడి జన్యువు మూగబోతుంది. దాన్ని చదవాలంటే చుట్టను పక్కకు జరపాలి, అందుకు ఏటీపీ ఖర్చవుతుంది. చదివేటప్పుడు ఇంకో చిక్కుంది. కోనసీమలో పేనిన కొబ్బరితాడు పాయల్ని లాగి విడదీయండి, ముందున్న భాగం మరింత మెలిపడుతుంది. డీఎన్ఏదీ అదే తంతు. ఆ మెలిని కోసి, వదులుచేసి, మళ్లీ అతికించే ఎంజైముల్లో ఒకటైన టోపోఐసోమరేజ్-2కూ ఏటీపీ కావాలి. నకలుగా వచ్చిన ఆర్ఎన్ఏలో అక్కర్లేని ముక్కల్ని కోసి మిగతావి కలపడానికీ అదే.

1940లో లెడర్లే సంస్థలో చేరాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. డీఎన్ఏలోని థైమిన్ అనే అక్షరం తయారీకి ఫోలేట్ తప్పనిసరి. జన్యువులను అణచడంలో పాలుపంచుకునే మిథైల్ గుర్తులకూ అది ముడిసరుకు అందిస్తుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. నేడు స్ప్రూకు మేం రాసేవి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. సోదరుడికి అందని మందులవే!

ఫోలేట్‌ను అడ్డుకునే మందునూ ఆయన బృందమే అందించింది. దాంతోనే 1948లో ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టారు. అదే ఏడాది ఆగస్టు 8న 53 ఏళ్లకే సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. డీఎన్ఏ జంట మెలికల రూపం బయటపడటానికి అప్పటికింకా ఐదేళ్లుంది.

ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఇప్పటికీ రాస్తున్నాం. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. గర్భం కోరుకునేవారు ముందే డాక్టర్‌కు చెప్పి, దాన్ని ఆపించుకోవాలి.