లెనార్డ్ చెషైర్

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. ఆ దినములలో మద్రాసు నగరవాసు లనేకులు ఇండ్లకు తాళములు వేసి పల్లెలకు తరలిపోయిరి. బాంబుకు జడిసినవారి కథలు మనకు క్రొత్తవి కావు. బాంబు వేసినవాని కథ యొకటి ఇచట చెప్పుచున్నాము.

లెనార్డ్ చెషైర్ 1917 సెప్టెంబరు 7న ఇంగ్లండులోని చెస్టర్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు. తానును ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రమే చదివెను. విమానము నడుపుటయు అచ్చటనే నేర్చెను. యుద్ధము రాగా బాంబరు దళమున పనిచేసెను.

ఆ దళమువారు చీకటిపడిన పిదప బయలుదేరి, సముద్రము దాటి, జర్మనీపైనను, జర్మనీ ఆక్రమించిన దేశములపైనను బాంబులు వేసి మరలుచుండిరి. పెద్ద విమానమున ఏడుగురుందురు. ఒకరు పొరబడినను ఏడుగురికిని ముప్పే. దళమునందలి సుమారు 1,25,000 మందిలో 55,573 మంది మరణించిరి. మిత్రరాజ్యముల బాంబులకు జర్మను నగరములలో లక్షలాది పౌరులును మడిసిరి. ఇరుప్రక్కలను ఏడ్చినవారు తల్లులే.

1944 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి ఫ్రాన్సులోని లిమోజ్ నగరమున విమాన ఇంజనుల కర్మాగారమును కూల్చు పని చెషైరునకు అప్పగింపబడెను. అది జర్మనుల వశమున నుండెను. లోపల పనిచేయువారిలో పెక్కురు ఫ్రెంచి స్త్రీలు. చెషైర్ వెంటనే బాంబు వేయలేదు. శత్రువునకు తన రాక తెలియునని యెరిగియు, కప్పులను తాకునంత క్రిందుగా మూడుసార్లు కర్మాగారముపై విమానమును పోనిచ్చెను. అది హెచ్చరిక. పనివారు బయటకు పరుగెత్తిరి. నాలుగవసారి గురుతుగా నిప్పుబాంబులు వేసెను. వెనుకవచ్చిన విమానములు కర్మాగారమును ధ్వంసము చేసెను.

నూరు దాడులు ముగించిన చెషైరునకు ఆ సంవత్సరము సెప్టెంబరులో విక్టోరియా క్రాస్ లభించెను. 1945 ఆగస్టు 9న నాగసాకిపై అణుబాంబు పడుటను దూరమునుండి విమానములో కూర్చుండి కన్నులార చూచెను. పిమ్మట సైన్యమును విడిచెను.

1948లో పుట్టకురుపుతో మరణించుచున్న యొకనికి ఆశ్రయమిచ్చువారు లేకపోగా, చెషైర్ అతనిని తన యింటికి తెచ్చి, పక్క సవరించి, ఒడలు తుడిచి, తుదివరకు తానే సేవచేసెను. ఆ యిల్లే మొదటి చెషైర్ హోమ్. 1955లో మనదేశమునకు వచ్చి బొంబాయిలో అట్టి గృహమును నెలకొల్పెను. తరువాత బెంగుళూరు మొదలగు నగరములలోను వెలసెను. 1992 జూలై 31న కన్నుమూసెను.

విద్యార్థులారా! నూరు దాడుల వీరుని లోకము పతకముతో సత్కరించెను. రాత్రియెల్ల మేల్కొని రోగికి నీరందించుట పతకముకొరకు చేసిన పని కాదు. అయినను ఆ పనియే నేటికిని సాగుచున్నది.