శ్రామిక బంధువు వి.వి. గిరి

భారతదేశపు నాలుగవ రాష్ట్రపతిగా వి.వి. గిరి పేరు విద్యార్థులకు సుపరిచితమే. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, మరొక తెలుగు ప్రముఖుడైన నీలం సంజీవరెడ్డిపై విజయం సాధించిన ఉదంతం చరిత్ర గ్రంథాలలో సవిస్తరంగా కనబడుతుంది. అయితే రాష్ట్రపతి భవనంలో అడుగిడటానికి నాలుగున్నర దశాబ్దాల ముందే రైల్వే కార్మికుల నడుమ ఆరంభమైన ఆయన ప్రజాజీవితాన్ని గూర్చి తెలిసినవారు తక్కువ. ఇనుముతో, నిప్పుతో, భూగర్భపు చీకటితో అనుదినం తలపడే శ్రామికుని ప్రాణానికి రక్షణ ఏ విధంగా లభిస్తుందన్న ప్రశ్న ఆ జీవితం పొడవునా వినిపిస్తుంది.

వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తల్లి సుభద్రమ్మ. తండ్రి జోగయ్య పంతులు పేరొందిన న్యాయవాది, జాతీయవాది. కుమారుడు కూడ న్యాయవాది కావాలన్న తలంపు ఆ ఇంట సహజంగానే కలిగింది. 1913లో గిరి న్యాయశాస్త్రాభ్యాసానికై ఐర్లండులోని డబ్లిన్ నగరానికి ప్రయాణమయ్యారు.

ఆ సంవత్సరమే డబ్లిన్‌లో ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. సంఘంతో సంబంధం వదులుకొంటామని సంతకం చేసినవారికే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. సుమారు ఇరవై వేలమంది నెలల తరబడి పనికి దూరమై పస్తులతో గడిపారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కనోలీ ఆ పోరాటానికి నాయకులు. చివరకు ఆకలి గెలిచింది, కార్మికులు ఓడిపోయారు. సముద్రాలు దాటి చదువుకొనవచ్చిన గంజాం యువకుని మనస్సుపై ఈ వాతావరణం చెరగని ముద్ర వేసింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. కనోలీని ఆంగ్ల ప్రభుత్వం కాల్చి చంపింది. ఐరిష్ జాతీయవాదులతో సాంగత్యమున్నదన్న అనుమానంతో గిరిని దేశం విడిచిపొమ్మన్నది. అప్పటికి ఆయన బారిస్టరయ్యారు.

స్వదేశానికి వచ్చి బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టారు. గాంధీజీ పిలుపునందుకొని ఉద్యమంలో ప్రవేశించి, 1922లో మద్యపాన వ్యతిరేక ప్రచారం చేసినందుకు కారాగారవాసం అనుభవించారు. ఆ పిమ్మట ఆయన దృష్టి రైల్వే కార్మికులపైకి మళ్లింది.

మన హనుమాన్ జంక్షన్ చేరువలోని నూజివీడు స్టేషను మీదుగా సాగే రైలు మార్గమే ఉత్తరాన వాల్తేరు దాటిన తరువాత ఆ రోజుల్లో బెంగాల్–నాగపూర్ రైల్వే అనే కంపెనీ అధీనంలో ఉండేది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉన్నది. గంజాం, విశాఖ ప్రాంతాల నుండి వేలాది తెలుగువారు పొట్ట చేతబట్టుకొని అక్కడికి వలసపోయారు. ఖరగ్‌పూర్‌లో నేటికీ తెలుగు పలుకు వినిపించడానికి ఆ వలసయే కారణం.

రైల్వేపని ఎంత అపాయకరమైనదో ఇప్పటి ప్రయాణికునికి ఊహకందదు. రెండు పెట్టెలను జతచేసే వ్యక్తి వాటి మధ్యకు దూరి, బరువైన ఇనుప కప్లింగును చేతులతో ఎత్తి కొక్కేనికి తగిలించాలి. ఆ క్షణంలో ఇంజను ఒక్క అడుగు వెనుకకు జరిగితే బఫర్ల నడుమ మనిషి నలిగిపోతాడు. గ్యాంగ్‌మన్ పట్టాల మీదనే పనిచేస్తాడు. వంపులో వచ్చే బండి అతనికి కనబడదు, వానలో దాని చప్పుడు వినబడదు. ఫైర్‌మన్ మండే కొలిమి ఎదుట నిలిచి టన్నులకొలది బొగ్గును పారతో ఎగదోయాలి. వీటన్నింటికీ మించిన శత్రువు నిద్రలేమి. విశ్రాంతి లేక మైకం కమ్మిన కళ్లకు ఎర్రదీపం కూడ ఆనదు. కనుక పనిగంటల ప్రశ్న కేవలం సుఖానికి సంబంధించినది కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది.

కదిలే బండ్ల మధ్యకు పోరాదన్న నియమం రైల్వేలలో పాతదే. కాని బండి ఆలస్యమైతే మేస్త్రీ కేకలు వేస్తాడు. నియమాన్ని పాటించి ఆగినవాడు సోమరి అనిపించుకొంటాడు. పాటించక చొరబడినవాడు చురుకైనవాడని మెప్పు పొందుతాడు. అతని చేయి తెగిననాడు మాత్రం నియమాన్ని ఉల్లంఘించింది అతడేనని కాగితం మీదికి ఎక్కుతుంది. 1924 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం శ్రామికునికి మొదటిసారిగా పరిహారపు హక్కు ఇచ్చిన మాట నిజమే. అయితే రక్షణ నియమాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించినా, యంత్రపు రక్షణ సాధనాన్ని తొలగించినా గాయానికి పరిహారం ఉండదని ఆ చట్టమే చెప్పింది. న్యాయంగా తోచే ఈ షరతు, తొందరపెట్టినవానిని వదిలి తొందరపడినవానిని దోషిగా నిలబెట్టడానికి ఎంతగా ఉపకరిస్తుందో గ్రహించడం కష్టం కాదు. రక్షణ నియమం గోడ మీద ఉన్నంత మాత్రాన చాలదు. ఈ పని ఈ విధంగా చేయనని చెప్పిన కూలివాని ఉద్యోగం మరునాడు కూడ నిలిచి ఉండాలి. ఆ భరోసా ఒంటరివానికి దొరకదు.

గిరి ఈ చోటనే తన కృషిని కేంద్రీకరించారు. బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, దశాబ్దానికి పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించారు. అది ఎంత సాహసమో ఆనాటి పరిస్థితిని బట్టి తెలుస్తుంది. మద్రాసులో బకింగ్‌హామ్ మిల్లు కార్మికులకు నాయకత్వం వహించిన బి.పి. వాడియాపై యజమానులు 1920లో హైకోర్టుకెక్కారు. సంఘాలకు, వాటి నాయకులకు చట్టరక్షణ లభించింది 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంతోనే.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల తొలగింపుపై చెలరేగిన ఆందోళనలో, 1928 సమ్మెలో గిరి అహింసా మార్గాన కార్మికులను నడిపించి యాజమాన్యాన్ని రాజీకి తెచ్చారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. పనిగంటలపై ఆ సంస్థ 1919లో చేసిన ఒడంబడికను భారత ప్రభుత్వం అంగీకరించినా, రైల్వేలలో దానికి చట్టరూపం రావడానికి 1930 వరకు ఆగవలసివచ్చింది. అప్పుడైనా దక్కినది వారానికి అరవై గంటల పరిమితి. విరామంతో కూడిన పని అని పేరు పెట్టిన ఉద్యోగాలకు ఎనభైనాలుగు గంటలు! గేటు కాచేవాడు ఖాళీగానే ఉంటాడు కదా అన్నది పాలకుల వాదం. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలో వెలువడిన రాజాధ్యక్ష తీర్పు అరవైని యాభైనాలుగుకు, ఎనభైనాలుగును డెబ్బైఐదుకు తగ్గించింది.

1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలోనూ గిరి శ్రామికుల పక్షాన పాల్గొన్నారు. తరువాతి ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలను చేపట్టారు. యుద్ధకాలంలో మరల జైలు జీవితం, 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో అదే కార్మిక శాఖ, ఆపైన సింహళంలో భారత హైకమిషనర్ పదవి వరుసగా వచ్చాయి. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

ఆయన పదవి చేపట్టిన కొద్ది వారాలకే, 1952 జూలై 1న, నూతన గనుల చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ఆయన రచన కాదు, అంతకు ముందే పార్లమెంటు ఆమోదించినది. అమలు భారం మాత్రం ఆయనపై పడింది. సింగరేణి, ఝరియా వంటి బొగ్గు గనులలో పైకప్పు కూలడం, విషవాయువులు కమ్మడం, పాత సొరంగాలలో నిలిచిన నీరు ఒక్కుమ్మడిగా విరుచుకుపడటం నిత్య భయాలు. భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని ఆ చట్టం విధించింది. ప్రమాదం జరిగిన వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాలన్నది. అపాయం పొంచి ఉన్నదని తోచినచోట మనుషులను పనిలో పెట్టకుండ నిషేధించే అధికారాన్ని తనిఖీ అధికారికి ఇచ్చింది.

కర్మాగారాలకు 1948 నాటి చట్టం అప్పటికే ఉన్నది. తిరిగే యంత్రభాగాలకు కంచె ఉండాలని, నడుస్తున్న యంత్రం దగ్గరకు శిక్షణ పొందినవారే, అదీ యజమాని ఇచ్చిన బిగుతైన దుస్తులు ధరించి, పోవాలని అందులో ఉన్నది. మన ఉంగుటూరు వైపు ధాన్యపు మరలలో తిరిగే బెల్టును, దాని పక్కన వేలాడే కండువా కొంగును చూచినవారికి ఆ నియమంలోని ఆంతర్యం వివరించనక్కరలేదు. నోటీసులు ఆంగ్లంతోపాటు కార్మికులలో అధికులకు తెలిసిన భాషలో కూడ ఉండాలని సైతం ఆ చట్టం చెప్పింది. చిన్న విషయంగా కనిపించినా, భాషా విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం ఇది.

1952 అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశంలో గిరి ఒక భిన్నమైన ఆలోచనను ముందుంచారు. వివాదాలను న్యాయస్థానాల తీర్పులకు వదలక, యజమానులు, సంఘాలు ముఖాముఖి కూర్చుని పరిష్కరించుకోవాలన్నది దాని సారాంశం. ప్రభుత్వంలోనివారే చాలామంది దీనిని ఆదర్శవాదమన్నారు. వారి అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. బలమైన సంఘమున్న రైల్వేలో సాగిన పద్ధతి, సంఘమే లేని క్వారీలో సాగదు. కాని గిరి తన మాటకు కట్టుబడిన మనిషి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి సవరించినప్పుడు, 1954లో మంత్రి పదవిని తృణప్రాయంగా త్యజించారు.

ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుండి ఉపరాష్ట్రపతిగా, 1969 నుండి రాష్ట్రపతిగా ఆయన అందుకొన్న పదవులు అందరికీ తెలిసినవే.

రాష్ట్రపతిగా ఆయన చివరి సంవత్సరంలో ఒక విషాద సన్నివేశం ఎదురైంది. 1974 మేలో దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేశారు. వారి కోరికలలో ఇంజను సిబ్బందికి ఎనిమిది గంటల పని ఒకటి. ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించి సమ్మెను అణచివేసింది. అర్ధ శతాబ్దం క్రితం అదే కార్మికులకు నాయకుడైన వ్యక్తి దేశాధినేత పీఠంపై ఉండగానే ఇది జరిగింది. రాజ్యాంగం రాష్ట్రపతికి విధించిన పరిమితులు ఎట్టివో ఈ సంఘటన చెప్పినంతగా మరొకటి చెప్పదు. ఆ ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది.

1975లో గిరి భారతరత్న పురస్కారం పొందారు. ఆ ఏడాదే డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్నాలా గనిలోకి నీరు విరుచుకుపడి 370 మందికి పైగా కార్మికులు జలసమాధి అయ్యారు. చట్టం పుట్టి అప్పటికి ఇరవై మూడేళ్లు. 1980 జూన్ 24న మద్రాసులో గిరి కన్నుమూశారు. 1974లో స్థాపితమైన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు ప్రపంచాన్ని కంపింపజేసింది. దాని ఫలితంగా 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో యాజమాన్యానికి, కార్మికులకు సమాన ప్రాతినిధ్యం గల రక్షణ సంఘాలను ఏర్పరచారు. ముంచుకువచ్చే అపాయాన్ని యజమానికి, తనిఖీ అధికారికి తెలియజేసే హక్కు కార్మికునికి దక్కింది. గిరి కోరిన ముఖాముఖి సంప్రదింపు ఈ విధంగా ఆయన మరణానంతరం ఏడేళ్లకు చట్టంలో చోటు సంపాదించింది.

పాత చట్టాలను పార్లమెంటు 2020లో ఒకే స్మృతిగా కూర్చింది. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. 1948 చట్టం ప్రకారం విద్యుత్తుతో నడిచే చోట పదిమంది, విద్యుత్తు లేనిచోట ఇరవైమంది పనిచేస్తే కర్మాగారమనిపించుకొనేది. కొత్త స్మృతిలో ఆ సంఖ్యలు ఇరవై, నలభై అయినాయి. నూజివీడు మామిడి తోటలలో వేసవి వచ్చిందంటే చిక్కం కట్టిన గెడ చేతబట్టి కొమ్మల మీదికి ఎక్కే కూలీలు నలుగురైదుగురు చొప్పున ఒక ముఠాగా ఉంటారు. కొమ్మ విరగవచ్చు, కాయ సొన కంటిలో పడవచ్చు, గెడ విద్యుత్ తీగకు తగలవచ్చు. ఆ తోట పాత లెక్కలోనూ కర్మాగారం కాలేదు, కొత్త లెక్కలోనూ కాదు.