చేప పక్షాన నిలిచిన రేచల్ కార్సన్

పత్తి, మిరప పండే మా మార్టూరు ప్రాంతంలో మందు కొట్టడమంటే నీళ్ళు పెట్టినంత మామూలు పని. కొట్టిన మందంతా పైరు మీదే ఉండదు. వానకు కొంత వాగుల్లో, కుంటల్లో చేరుతుంది. ఆ కీడు ముందుగా తగిలేది చేపకే. ఈ సంగతిని లోకానికి గట్టిగా వినిపించిన రేచల్ కార్సన్ జీవితం ప్రతి సైన్సు విద్యార్థీ తెలుసుకోదగినది.

ఆమె 1907 మే 27న అమెరికాలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టారు. రచయిత్రి కావాలని కాలేజీలో ఇంగ్లీషు తీసుకుని, మధ్యలో జీవశాస్త్రానికి మారారు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. పూర్తిచేశారు. జెల్లల వర్గపు చేపపిల్లలో తొలి మూత్రపిండం ఎలా ఏర్పడుతుందన్నదే ఆమె పరిశోధన. 1935లో తండ్రి, 1937లో అక్క పోయారు. తల్లినీ, అక్క కూతుళ్ళిద్దరినీ సాకే బరువు ఆమె మీద పడింది. ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూనే రచనలు సాగించారు. 1951లో సముద్రం మీద రాసిన పుస్తకంతో పేరొచ్చింది.

1962లో వెలువడిన 'సైలెంట్ స్ప్రింగ్'లో కెనడాలోని మిరమీషీ నది కథ ఉంది. 1954లో అడవి పురుగు కోసం విమానాలతో డి.డి.టి. చల్లితే నదిలోని సాల్మన్ పిల్లలు చచ్చాయి. అవి తినే పురుగులూ చచ్చాయి.

మన మందులూ తక్కువేమీ కాదు. మన దేశంలో 2018లో నిషేధించే దాకా వాడిన మిథైల్ పారథియాన్ వంటివి చేపకు ఏం చేస్తాయో తిరుపతి విశ్వవిద్యాలయంలో పరిశీలించారు. నరాల్లో కబురు ముగించే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఈ మందు అణచేస్తుంది. కబురు ఆగక కండరాలు అదుపు తప్పుతాయి. మొప్పలు దెబ్బతిని ఊపిరి చాలదు. చావకుండా మిగిలిన చేప కూడా మునుపటి చేప కాదు.

కంపెనీలు కార్సన్‌ను ఎగతాళి చేశాయి. కేన్సరుతో బాధపడుతూనే ఆమె 1963లో సెనేట్ ముందు నిలబడి చెప్పారు. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట కన్నుమూశారు. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. మన దేశంలో సేద్యానికి దాని వాడకం 1989లో ఆగింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది.

ఆమె మందులన్నీ మానెయ్యమనలేదు, తెలియకుండా గుడ్డిగా కొట్టొద్దన్నారు. రైతుబిడ్డనైన నాకు ఆ మాటే నచ్చింది. పురుగు పడితే మందు లేనిదే మిరప నిలబడటం కష్టం, అది నాకు తెలుసు. కానీ ఏ పురుగుకు ఏ మందు, ఎంత అన్నది తెలుసుకుని కొట్టొచ్చు. ఖాళీ డబ్బా, పంపు కుంటలో కడక్కుండా ఉండొచ్చు. ఈ మాట ఇంట్లో నాన్నకు చెప్పాల్సింది చదువుకుంటున్న మనమే.