హాఫ్కిన్ పండితుడు

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో కోపము వచ్చినవారు నేటికిని ఎదుటివానికి గత్తర తగులవలెనని తిట్టుట కలదు. తిట్టువారిలో ననేకులు ఆ వ్యాధిని కన్నులార చూచియుండరు. వారి తాతముత్తాతలు చూచిరి. ఈ దేశమున గత్తరకు, అనగా కలరాకు, టీకాతో మొట్టమొదట ఎదురునిలిచిన వాల్డెమార్ హాఫ్కిన్ పండితుని చరిత్ర మన పాఠకులు తెలిసికొనదగినది.

ఆయన 1860 మార్చి 15వ తేదీన ఒడెస్సా నగరమున యూదుల కుటుంబములో జన్మించెను. అచటి విశ్వవిద్యాలయమున మెచ్నికాఫ్ పండితునికి శిష్యుడయ్యెను. యూదులపై దొమ్మీలు జరిగినపుడు తనవారి రక్షణకై నిలిచి గాయపడి చెరసాలకు పోయెను. మతము మార్చుకొననందున ఆచార్యపదవి దక్కలేదు. 1888లో జెనీవాకును, మరుసటి యేట పారిసుకును పోయెను. పాశ్చరు సంస్థలో దొరకినది గ్రంథాలయమున సహాయకుని పని. పుస్తకములు సర్దుచు, తీరికవేళల సూక్ష్మజీవులను పెంచుచు కలరా టీకాను సిద్ధపరచి, 1892 జూలై 18న మొదట తన దేహముననే ఎక్కించుకొనెను.

1893 మార్చిలో కలకత్తాకు వచ్చి, రెండేండ్లకు పైగా ఉత్తరదేశమంతయు తిరిగి 42,000 మందికి పైగా టీకాలు వేసెను. ఎవ్వరిని నిర్బంధింపలేదు. 1894లో కలకత్తాలోని కాఠాల్‌బగాన్ బస్తీలో కలరా పుట్టగా, చౌధురి, ఘోష్, చటర్జీ, దత్తు అను వంగదేశపు వైద్యులు ఆయనతో గుడిసె గుడిసెకు తిరిగిరి. సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొనిరి. అటుపిమ్మట ఆ వాడలో వ్యాధిపాలైన వారందరును టీకా వేయించుకొననివారే. చరిత్రకారులు హాఫ్కిన్ పేరు పెద్దయక్షరములతో వ్రాసి ఈ నలుగురిని ఒక పంక్తిలో ముగింతురు. ఇది న్యాయము కాదు. దొర సూదితో వచ్చిన తలుపు మూసికొను జనము, తమ భాష నెరిగిన వైద్యుడు వచ్చి నచ్చజెప్పిన చేయి చాతురు.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకొనెను. గ్రాంటు వైద్యకళాశాలలో ఒక గది, ఒక నడవ, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు: ఇదియే ఆయన ప్రయోగశాల. గోమాంసము, పందిమాంసము తగిలినచో ఈ దేశీయులు టీకాను ముట్టరని యెరిగి మేకమాంసపు రసమున సూక్ష్మజీవులను పెంచెను. రసముపై నేతిబొట్లు తేలవేసెను. ఆ బొట్ల నుండి సూక్ష్మజీవులు చూరునుండి వ్రేలాడు బూజువలె క్రిందికి పెరుగును. పాత్రను కదల్చినచో అడుగునకు రాలి, వానిచోట క్రొత్తవి పుట్టును. తుదకు వానిని వేడిమిచే చంపి మందుగా చేయుదురు. మన వంటయింటి నేయి ఇట్లు శాస్త్రమునకు అక్కరకు వచ్చినది. 1897 జనవరి 10న దీనిని కూడ తానే మొదట ఎక్కించుకొనెను. ఆ నెలలోనే బైకుల్లా కారాగారమున పరీక్ష జరిగెను. టీకా వేయించుకొనని ఖైదీలలో 12 మందికి ప్లేగు సోకి ఆర్గురు మరణించిరి. వేయించుకొన్నవారిలో ఇద్దరికి సోకినను ఒక్కరును చావలేదు. ఆగాఖాను తన ఖోజాలచే టీకాలు వేయించి ఆయనకు అండగా నిలిచెను. 1899లో పరేలులోని పాత గవర్నరు భవనము ప్లేగు పరిశోధనశాలయయ్యెను.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాలు గ్రామమున 107 మందికి టీకాలు వేసిరి. వారిలో 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. ఆ 19 మందికిని మందు ఒకే సీసా నుండి వచ్చినది. సీసామూత తీయుటకు వాడిన పటకారు నేలబడినదనియు, దానిని సరిగా శుద్ధిచేయలేదనియు తరువాత తేలెను. అయినను విచారణసంఘము దోషము ప్రయోగశాలదే యనెను. హాఫ్కిన్ పదవి పోయెను. ఐదేండ్లు తన నిర్దోషిత్వమును రుజువు చేసికొనుటకే గడచినవి. సికిందరాబాదున 1897 ఆగస్టు 20న దోమకడుపులో మలేరియా బీజమును చూచిన రోనాల్డ్ రాస్ మొదలగు పండితులు 1907లో లండను టైమ్సు పత్రికలో ఆయన పక్షమున వ్రాసిరి. ప్రభుత్వము దిగివచ్చెను గాని బొంబాయి పీఠమును తిరిగి యీయలేదు. కలకత్తాలో ఏడేండ్లు పనిచేసి 1914లో ఈ దేశమును వీడెను. 1930 అక్టోబరు 26న లాసాను నగరమున కాలము చేసెను.

ఆయన నెలకొల్పిన శాల 1925లో హాఫ్కిన్ సంస్థయను పేరు దాల్చెను. అప్పటికి అచటినుండి వెడలిన ప్లేగు టీకాలు 2 కోట్ల 60 లక్షలు. భారతీయుడు, సాహెబుసింగు సోఖే, 1932లో గాని దానికి అధిపతి కాలేదు. శాల పుట్టిన 33 యేండ్లకు! ఈ దేశమున బుద్ధిమంతులు లేక కాదు. పీఠము నిచ్చు ఉద్దేశము పాలకులకు లేదు.

నేడు ఆ పీఠము మనది. హైదరాబాదున 1953లో బయలాజికల్ ఇ, 1993లో శాంతా బయోటెక్నిక్స్, 1996లో భారత్ బయోటెక్ వెలసినవి. శాంతా సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశమున తయారుచేసి విక్రయించెను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనున ప్రపంచ ఆరోగ్యసంస్థ నెలకొల్పిన కేంద్రము నుండి నవీన టీకాల విద్యను పేదదేశములకు పంచుటకై ఎన్నుకొన్నవారిలో 2022లో బయలాజికల్ ఇ చేరెను. కాని గోదావరి యొడ్డు పిల్లలు ఈ విద్యకు పోవలదా? ఆదిలాబాదున 2008 నుండి వైద్యకళాశాల కలదు. భూవసతిగల గృహస్థులు కుమారుని వైద్యుని చేయుటకు పొలమమ్మి యైనను లక్షలు వ్యయపరతురు. సూక్ష్మజీవశాస్త్రము చదివి పరిశోధనకు పోయెదనన్న కుమార్తెకు మాత్రము పెండ్లి సంబంధములు చూతురు.

కోవాక్సిన్ టీకాను భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్యపరిశోధన మండలితో కూడి రూపొందించినది. ఆ విద్యను హైదరాబాదు నుండి గ్రహించి టీకా తయారుచేయుటకు 2021 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము బొంబాయిలో హాఫ్కిన్ పేర నడచు సంస్థకు అనుమతి యొసగెను.