బడి పంతులు ఇండియాకు బంగారం తెచ్చిండు

ఐపీఎల్ టీముల పేర్లడిగితే కోరుట్ల పోరగాండ్లు గుక్క తిప్పుకోకుండ చెప్తరు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడుగుండ్రి. 2024ల ఆయన మీద హిందీ సినిమా వచ్చినంక గూడ చానామందికి ఎరుకలేదు. ఆయన మన హైదరాబాదోడే తమ్మీ, బడి పంతులు.

1909ల పుట్టిండు. ఉస్మానియాల చదివి, బళ్లె పాఠాలు చెప్పిండు. 1950ల హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు కోచ్ అయిండు. ఆ టీము 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు బొంబాయిల రోవర్స్ కప్పు కొట్టింది. కలకత్తా క్లబ్బుల రాజ్యం నడుస్తున్న కాలంల ఇది మామూలు ముచ్చట కాదు.

1951ల ఢిల్లీ ఆసియా ఆటలల్ల ఆయన కోచింగ్‌లనే ఇండియా బంగారం గెలిచింది. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌ల యుగోస్లేవియా మనోళ్లను 10-1తోని చిత్తు చేసింది. మనోళ్లల్ల చానామంది ఒట్టికాళ్లతోనే ఆడిండ్రు. ఆ దెబ్బతోనే బూట్లు వచ్చినయి. 1956ల మెల్‌బోర్న్‌ల నాలుగో జాగ దొరికింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల ఇండియా దానికన్న పైకి ఇంతవరకు పోలె.

గని నాకైతే 1962 జకార్తానే పెద్ద కథ. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తింటాంది. మొదటి మ్యాచ్‌ల దక్షిణ కొరియా చేతుల 2-0తోని ఓడినం. థాయ్‌లాండ్ మీద గెలిచినం గని, డిఫెన్స్‌కు గోడ లెక్కుండే పంజాబ్ మనిషి జర్నయిల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డయి. వేరే కోచయితే కూసోబెడుతుండె. రహీం సాబ్ ఆ డిఫెండర్‌నే ముందుకు పంపి ఫార్వర్డ్‌గ ఆడించిండు. సెమీస్‌ల దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టిండు. సెప్టెంబర్ 4న ఫైనల్. లక్షమంది దాక జనం, అందరు మనకు ఉల్టా. ఎదురుంగ మళ్ల అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోని జర్నయిల్ ఒకటి. 2-1. ఆ టీముల మన యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ బలరాం గూడ ఉన్నరు.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయిండు. బతికుండంగ ఒక్క పద్మ అవార్డు ఇయ్యలే. ఆసియా ఆటల ఫుట్‌బాల్ బంగారం గూడ ఆయనతోనే పోయింది, మళ్ల రాలె.

సిరిసిల్లల సాంచెల కాడ అయ్యకు సాయం చేసే పోరనికి, జగిత్యాల దిక్కు బీడీల ఇంటి పిల్లకు కాళ్లల్ల సత్తువ లేదా? ఉన్నది. చూసే పంతులు ఏడి? మీ ఊరి సర్కార్ బళ్లె వ్యాయామం సారు ఉన్నడా, ఆట జాగ ఉన్నదా లేక ఎవడన్న కబ్జా పెట్టిండా, రేపు పొద్దుగాల పోయి సూడుండ్రి.